నాడి పట్టి చూసిన డాక్టరమ్మ: మేరీ పుట్నం జాకోబీ

(ద్వితీయ బి.ఎస్సీ., బి.జడ్.సి. విద్యార్థిని)

మన సావనీరులో యేటా ఎవరో ఒకరు శాస్త్రవేత్త జీవితం రాస్తూనే ఉంటారు. మేడమ్ క్యూరీ, రామన్, రామానుజన్: వీరి మీద రాసి రాసి కలాలు అరిగిపోయాయి. అందుకని నేను వేరే ఒకరిని తీసుకొన్నాను. డాక్టర్ మేరీ పుట్నం జాకోబీ. అమెరికా వైద్య చరిత్రలో పెద్ద పేరే, మన వైపు మాత్రం తెలిసినవాళ్ళు తక్కువ. ఆమె చేసిన పనులు చాలా ఉన్నాయి గాని నన్ను పట్టుకొన్నది ఒక్క పుస్తకం. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళకు చదువు నుంచీ పని నుంచీ విశ్రాంతి అవసరమా, అవసరమైతే ఎంత అన్నది అందులో ప్రశ్న. ఈ సంగతి అచ్చులో చూసి మొహమాటపడేవారు మన కాలేజీలో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. కప్ప అండాశయం బొమ్మ వేసి భాగాలు గుర్తించటానికి లేని మొహమాటం మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎందుకో నాకు అర్థం కాదు.

మేరీ 1842 ఆగస్టు 31న లండన్‌లో పుట్టింది. తల్లిదండ్రులు అమెరికన్లు. తండ్రి జార్జి పామర్ పుట్నం పేరున్న పుస్తక ప్రచురణకర్త. వ్యాపారం పని మీద అక్కడ ఉండగా ఈ పిల్ల కలిగింది. ఇంటికి పెద్ద బిడ్డ. ఆమెకు అయిదారేళ్ళప్పుడు కుటుంబం న్యూయార్కు ప్రాంతానికి తిరిగి వచ్చేసింది. తొమ్మిదేళ్ళ వయసులో ఒక చచ్చిన ఎలుక కంటబడితే, దాన్ని కోసి గుండెకాయ ఎక్కడుందో చూడాలనుకొన్నదట. తల్లి కుదరదంది. ఆ ఎలుక సంగతి చదివినప్పుడు నాకు మొదటి డిసెక్షను రోజు జ్ఞాపకం వచ్చింది. మా బ్యాచిలో సగం మంది ముక్కుకు కర్చీఫు కట్టుకొన్నారు, చేలో ఎలుకల బొరియలు తవ్వించిన ఇంటిపిల్లని కాబట్టి నాకేమీ అనిపించలేదు.

పదిహేడేళ్ళకే ఆమె కథ అట్లాంటిక్ మంత్లీ అనే పెద్ద పత్రికలో వచ్చింది. తండ్రి ప్రచురణకర్త, చేతిలో కలం ఉంది. హాయిగా రచయిత్రి అయిపోవచ్చు. అయినా వైద్యమే కావాలంది. తండ్రికి ఆ వృత్తి ఏ మాత్రం నచ్చలేదు, కాని అడ్డం పడలేదు. 1863లో న్యూయార్కు ఫార్మసీ కళాశాల నుంచి పట్టా తీసుకొంది. అమెరికాలో ఒక ఫార్మసీ కళాశాల నుంచి పట్టా పొందిన మొదటి మహిళ ఆమే. మరుసటి యేడు 1864లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో ఎం.డి. అయింది. ఈ కళాశాల పేరు మనవాళ్ళకు మరో విధంగా తెలిసి ఉంటుంది. మహారాష్ట్ర నుంచి వెళ్ళిన ఆనందీబాయి జోషీ 1886లో డాక్టరయింది ఇక్కడే.

ఎం.డి. చేతికొచ్చినా తనకు వచ్చిన చదువు చాలదని మేరీకి తెలుసు. ఆ రోజుల్లో అసలైన వైద్యశాస్త్రం పారిస్‌లో ఉంది. 1866లో అక్కడికి వెళ్ళింది. వైద్య కళాశాలలో ఆడవాళ్ళను చేర్చుకోరు. ముందు ఆసుపత్రి వార్డుల్లో తిరగటానికి, తర్వాత లైబ్రరీలో కూర్చోవటానికి, అలా ఒక్కొక్క గుమ్మమే దాటుకొంటూ పోయి, చివరికి విద్యాశాఖ మంత్రి కల్పించుకోగా 1868 జనవరిలో ప్రవేశం సంపాదించింది. అయితే ఒక షరతు. పక్క గుమ్మం నుంచి లోపలికి రావాలి, ప్రొఫెసరు గారి కుర్చీ పక్కనే కూర్చోవాలి. 1870లో యుద్ధం వచ్చి జర్మను సైన్యాలు పారిస్‌ను చుట్టుముట్టాయి. ఊరంతా తిండికి కటకటలాడింది. ఆమె ఊరు వదల్లేదు. 1871 జులైలో పట్టా తీసుకొంది. కొవ్వుల మీద, కొవ్వు ఆమ్లాల మీద ఆమె రాసిన థీసిస్‌కు కంచు పతకం వచ్చింది. ఆ కళాశాలలో పట్టా పొందిన మహిళల్లో రెండవది ఆమె. మొదటిది అంతకు ముందు యేడాది ఇంగ్లండు నుంచి వచ్చిన ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్.

న్యూయార్కు తిరిగి వచ్చి మహిళా వైద్య కళాశాలలో మందుల శాస్త్రం చెప్పింది. 1873లో డాక్టర్ అబ్రహాం జాకోబీని పెళ్ళాడింది. ఆయన జర్మనీలో 1848 తిరుగుబాటు మనిషి, జైలు చూసి వచ్చినవాడు, అమెరికాలో పిల్లల వైద్యానికి ఆద్యుడని పేరు.

సరిగ్గా ఆ యేడే అసలు గొడవ మొదలైంది.

బోస్టన్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ క్లార్క్ అని ఒకాయన. హార్వర్డులో ప్రొఫెసరుగా చేసిన పెద్దమనిషి. 1873లో ఆడపిల్లల చదువు మీద చిన్న పుస్తకం వేశాడు. ఆయన వాదన సూటిగా చెప్పాలంటే ఇది. ఒంట్లో ఉన్న శక్తి ఇంతేనని లెక్క ఉంది. ఆడపిల్ల ఈడొచ్చే వయసులో ఆ శక్తి గర్భకోశం, అండాశయాలు తయారవటానికి పోవాలి. ఆ వయసులో మగపిల్లలతో సమానంగా పుస్తకాలు పట్టిస్తే రక్తమంతా మెదడుకు ఎక్కి, కింద అవయవాలు ఎండిపోతాయి, నరాలు చెడిపోతాయి, పిల్లలు పుట్టరు. కాబట్టి నెలనెలా ఆ రోజుల్లో చదువు ఆపెయ్యాలి. కాలేజీలో మగపిల్లలతో కలిపి కూర్చోబెట్టటం ఎలాగూ తగదు. దీనికి ఆయన చూపిన ఆధారం తన దగ్గరికి వచ్చిన కొద్దిమంది జబ్బుమనుషుల కథలు. ఒక కాలవలో నీళ్ళు రెండు మడులకు చాలవన్నట్టు ఉంటుంది ఈ లెక్క. వినటానికి ఇంపుగానే ఉంటుంది. మనిషి ఒళ్ళు మాత్రం వరిమడి కాదు. కాని పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. కాలేజీలు ఆడపిల్లలకు అప్పుడప్పుడే తలుపులు తెరుస్తున్న రోజులవి. చదివించాలా వద్దా అని ఊగుతున్న తండ్రులకు డాక్టరు సంతకంతో కారణం దొరికింది.

చాలామంది కోపంగా జవాబులు రాశారు. మేరీ జాకోబీ లెక్క పెట్టటం మొదలుపెట్టింది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది ఇక్కడే.

హార్వర్డు వారి బాయిల్‌స్టన్ బహుమతి వ్యాసానికి ఆ ప్రశ్ననే విషయంగా ఇచ్చారు. వ్యాసం మీద పేరు ఉండకూడదని నియమం. ఆమె వెయ్యి ప్రశ్నపత్రాలు అచ్చు వేయించి ఆడవాళ్ళకు పంపింది. తిరిగి వచ్చినవి 268. ఏ వయసులో మొదలైంది, నొప్పి ఉంటుందా, ఎన్నాళ్ళు, చదువుకొనే రోజుల్లో ఎంత ఆడేవారు, ఎంత నడిచేవారు, పని మానేస్తారా, ఇంట్లో ఆరోగ్యాలు ఎలాంటివి: ఇలా. మూడోవంతుకు కొంచెం పైగా మంది తమకు నొప్పి గాని, బలహీనత గాని ఏమీ ఉండదని రాశారు. మిగిలినవారిలో బాధలు రకరకాలు. వాటిని పట్టికలు వేసి చూస్తే, చిన్నప్పుడు బాగా ఆడి తిరిగినవాళ్ళలో, తిండి సరిగ్గా ఉన్నవాళ్ళలో, చదువో పనో నిలకడగా ఉన్నవాళ్ళలో బాధ తక్కువగా కనిపించింది. క్లార్క్ గారు చెప్పినదానికి ఇది తలకిందులు.

అంతటితో ఊరుకోలేదు. మనుషులు చెప్పేది ఒకటి, ఒళ్ళు చెప్పేది ఒకటి కావచ్చు గదా. అందుకని కొద్దిమంది ఆడవాళ్ళను తీసుకొని నెల పొడుగునా వాళ్ళ నాడిని స్ఫిగ్మోగ్రాఫ్ అనే పరికరంతో గీయించింది. మణికట్టు మీద పెడితే నాడి కొట్టుకొనే తీరును గీతగా గీస్తుంది అది. పిడికిలి బలం కొలిచింది, ఒంటి వేడి చూసింది, మూత్రంలో యూరియా ఎంత పోతోందో లెక్కకట్టింది. రక్తస్రావం ఉన్న రోజుల్లో బలం పడిపోయిన గుర్తు ఏమీ దొరకలేదు. ఇంకొక సంగతి బయటపడింది. ఒంట్లో రక్తపు పోటు నెలంతా ఒకే తీరుగా ఉండదు. అలలాగా లేస్తుంది, నెలసరి రాకముందు రోజుల్లో ఎత్తుకు చేరి, తర్వాత దిగుతుంది. అంటే కథ ఆ మూడు నాలుగు రోజులది కాదు, నెల మొత్తానిది. అసలు మలుపు ముందు రోజుల్లో ఉంది. ఆమె దాన్ని పోషణ అల అనుకొంది. రాబోయే బిడ్డకోసం ఒళ్ళు దాచిపెట్టుకొని, అక్కర లేనప్పుడు వదిలేస్తుందని.

తిండీ ఆరోగ్యమూ సవ్యంగా ఉన్న ఆడదానికి నెలసరి వచ్చిందన్న ఒక్క కారణంతో పనీ చదువూ ఆపవలసిన అవసరం లేదని తేల్చింది. 1876లో బహుమతి ఆ వ్యాసానికే ఇచ్చారు. మరుసటి యేడు తండ్రిగారి కంపెనీయే దాన్ని పుస్తకంగా వేసింది. బహుమతి ఇచ్చిన ఆ హార్వర్డు వైద్య కళాశాలలో ఆడవాళ్ళకు సీటు ఇచ్చింది మాత్రం 1945లో. లెక్క వేసుకోండి.

నేను ఇక్కడ కొంచెం ఆగుతాను. మాది మెట్ట వ్యవసాయం, మిరప, పత్తి. పత్తి తీతకు వచ్చే ఆడవాళ్ళలో ఎవరికి ఆ రోజు నెలసరి అని మేస్త్రి ఎన్నడూ అడగలేదు. నడుం పట్టేసినా సాయంత్రం దాకా వంగి తీయాల్సిందే, లేకపోతే కూలి పోతుంది. అదే మనిషి ఇంటికి వెళ్తే వంటింట్లోకి రాకూడదు, వసారాలో పడుకోవాలి. చేలో విశ్రాంతి అడగని ఊరు, ఆడపిల్ల డిగ్రీకి వెళ్తానంటే మాత్రం ఒళ్ళు చెడుతుందని జాలిపడుతుంది. మా నాయనమ్మ నా ఇంటరు అప్పుడు అన్నమాట అదే. అంత చదివితే నరాల బలహీనత వస్తుందని ఆమె భయం. క్లార్క్ పుస్తకం మా నాయనమ్మ చదవలేదు గదా, మరి ఆ మాట ఆమెకెలా వచ్చిందో! మా అమ్మ అడ్డం నిలబడబట్టి నేను ఇక్కడ ఉన్నాను.

అయితే జాకోబీ లెక్కను ఇంకోలా వాడుకొనేవాళ్ళూ ఉన్నారు. ఏమీ లేదటగా, మరి ఎందుకు ఈ మూలుగుళ్ళు అని. ఆమె అలా అనలేదు. మూడోవంతుకు లేదంటే మిగతావాళ్ళకు ఎంతో కొంత ఉన్నట్టే. నొప్పి ఉన్నచోట అది జబ్బు కింద లెక్క, దానికి వైద్యం చెయ్యాలి. లేనివాళ్ళను కూడా కలిపి ఆడజాతినంతా రోగిష్టి అనకూడదు: ఇదీ ఆమె పద్ధతి.

నెలసరికి ముందు వచ్చే చిరాకు, ఏడుపు, నిద్ర పట్టకపోవటం, రొమ్ముల నొప్పి, కడుపుబ్బరం, ఇప్పుడు మనం పి.ఎం.ఎస్. అంటున్నది, ఆమె కాలంలో ఆ పేరుతో లేదు. పేరు లేకపోవటానికి కారణం ఉంది. హార్మోను అన్న మాటే 1905లో, ఆమె చనిపోవటానికి సంవత్సరం ముందు, పుట్టింది. 1931లో న్యూయార్కులోనే రాబర్ట్ ఫ్రాంక్ అనే డాక్టరు ముందురోజుల టెన్షన్ గురించి రాశాడు. అదే యేడు బెర్లిన్‌లో కారెన్ హోర్నై అనే మనస్తత్వ వైద్యురాలూ రాసింది. పి.ఎం.ఎస్. అన్న పేరు ఇంగ్లండులో 1953లో డాక్టర్ గ్రీన్, డాక్టర్ కాథరీనా డాల్టన్ పెట్టారు.

ఇప్పటికి తెలిసినది మా ఫిజియాలజీ లెక్చరర్ గారు చెప్పినట్టు రాస్తాను. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది. అది విరిగి అలోప్రెగ్ననొలోన్ అనే పదార్థం అవుతుంది. మెదడులో గాబా అనే రసాయనం నరాలను చల్లబరుస్తుంది. ఈ పదార్థం గాబా పట్టుకొనే చోటనే పనిచేస్తుంది. చాలామందికి దానివల్ల నెమ్మది కలుగుతుంది. కొందరికి మాత్రం ఎదురు తిరుగుతుంది, చిరాకు, దిగులు పుడతాయి. వాళ్ళ రక్తంలో హార్మోన్లు ఎక్కువా కాదు, తక్కువా కాదు, అందరిలాగే ఉంటాయి. 1998లో అమెరికాలో చేసిన ప్రయోగం ఒకటి ఉంది. మందు ఇచ్చి అండాశయాల పని ఆపి, తర్వాత అవే హార్మోన్లను బయటినుంచి ఇచ్చారు. పి.ఎం.ఎస్. ఉన్నవాళ్ళకు లక్షణాలు తిరిగి వచ్చాయి, లేనివాళ్ళకు ఏమీ కాలేదు. తేడా రక్తంలో లేదు, ఆ మార్పును అందుకొనే నాడీమండలంలో ఉంది. సెరొటోనిన్‌కు కూడా ఇందులో పాలుంది. దాన్ని పెంచే మాత్రలు దిగులు జబ్బుకు వారాల మీద పనిచేస్తే, దీనికి కొద్ది రోజుల్లోనే పనిచేస్తాయి. ఇక ఒత్తిడి. నెల రెండో సగంలో గుండెను నెమ్మదిగా ఉంచే వేగస్ నరం పట్టు కొంచెం సడలుతుంది. ఆ సమయంలో పరీక్షలో, అప్పులో, ఇంట్లో పోట్లాటలో మీద పడితే ఒళ్ళు త్వరగా దడదడలాడుతుంది. ఒత్తిడి ఎక్కువైన నెలలో లక్షణాలూ ఎక్కువని చూసినవాళ్ళున్నారు. పనిచెయ్యలేనంత తీవ్రంగా వచ్చేది వందమందిలో మూడు నుంచి ఎనిమిది మందికి. దాన్ని 2013లో మానసిక వ్యాధుల అమెరికన్ జాబితాలో విడిగా చేర్చారు.

దీన్ని తేల్చటానికి రక్తపరీక్ష లేదు. రెండు నెలలపాటు రోజూ ఏ లక్షణం ఎంత ఉందో రాసుకోవాలి. నెలసరి మొదలవగానే తగ్గిపోయి, తర్వాతి వారం శుభ్రంగా ఉంటే అది పి.ఎం.ఎస్.; నెలంతా ఉంటే వేరే ఏదో. జాకోబీ పట్టిక పద్ధతే మరి. మా హాస్టల్ గదిలో ముగ్గురం ఇలా రాశాం. ఒకరికి తేదీలు కచ్చితంగా పడ్డాయి, ఒకరికి ఏ తేడా లేదు, మూడోవారిది నెలసరి సంగతే కాదు, దిగులు రోజూ ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

జాకోబీ బతికిన రోజుల్లో నరాల జబ్బు అన్న ఆడవాళ్ళకు పెద్ద వైద్యం విశ్రాంతి చికిత్స. ఫిలడెల్ఫియా డాక్టర్ వియర్ మిచెల్ కనిపెట్టింది. వారాల తరబడి మంచం దిగకూడదు, చదవకూడదు, రాయకూడదు; పాలు తాగాలి, ఒళ్ళు పట్టించుకోవాలి. 1887లో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రి ఈ చికిత్స చేయించుకొని పిచ్చెక్కే దాకా వెళ్ళి వచ్చింది. ఆ అనుభవం మీదే తర్వాత ది ఎల్లో వాల్‌పేపర్ అనే కథ రాసింది. 1901లో అదే గిల్మన్ జాకోబీ దగ్గరికి వస్తే, ఆమె మంచం ఎక్కించలేదు. టానిక్కు ఇచ్చింది, కరెంటు చికిత్స చేసింది, ముందు చిన్నపిల్లలు ఆడుకొనే చెక్కదిమ్మలు పేర్చమంది, ఆపైన చదువూ రాతా రోజుకు కొంచెం చొప్పున పెంచింది. గిల్మన్ కుదుటపడింది.

ఒక్క విషయంలో మాత్రం నాకు జాకోబీతో పేచీ ఉంది. 1872 నుంచి అమెరికాలో రాబర్ట్ బాటీ అనే సర్జన్ దారిలో, నెలసరి బాధలకూ నరాల బాధలకూ కూడా అండాశయాలు కోసి తీసెయ్యటం మొదలైంది. ఎలిజబెత్ బ్లాక్‌వెల్ దాన్ని గట్టిగా ఖండించింది. జాకోబీ మాత్రం అండాశయానికి ప్రత్యేక పవిత్రత ఏమీ లేదని, అవసరమైతే ఆపరేషనుకు వెనకాడనక్కరలేదని నిలబడింది. శాస్త్రం ప్రకారం ఆమె మాట సరే. కాని ఆ అవసరాన్ని ఎవరు తేలుస్తారు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకొన్న ఆడవాళ్ళ శాతం దేశంలోకెల్లా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత తెలంగాణలో వచ్చింది. మా ఊళ్ళో ముప్పయి అయిదు దాటకుండా ఆపరేషను అయిన పెద్దమ్మలూ పిన్నమ్మలూ నాకు తెలుసు. నెలసరి చిరాకు, నడుం నొప్పి, తెల్లబట్ట: ఇవే చెప్పారు వాళ్ళు డాక్టరుకు. ఇంటిపనికి, కూలికి అడ్డం లేకుండా పోతుందని తీయించేశారు. రెండు నెలలు కాగితం మీద రాసి చూడమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మిగతా జీవితం త్వరగా చెప్తాను. 1880లో న్యూయార్కు వైద్య అకాడమీలో మొదటి మహిళా సభ్యురాలైంది. 1888లో హిస్టీరియా మీద, మెదడు గడ్డల మీద వ్యాసాలు పుస్తకంగా వేసింది. ఆడవాళ్ళను మగవాళ్ళతో సమానంగా చేర్చుకోవాలన్న షరతు మీద జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలకు చందాలు పోగుచేసినవాళ్ళలో ఆమె ఉంది. 1893లో ఆ షరతుతోనే అది తెరుచుకొంది. 1894లో ఓటుహక్కు కోసం పుస్తకం రాసింది.

ఇంట్లో కష్టం పెద్దదే. కొడుకు ఎర్నెస్ట్ 1883లో, ఏడేళ్ళవాడు, డిఫ్తీరియాతో పోయాడు. తండ్రి ఆ జబ్బు మీద మూడేళ్ళ ముందే పెద్ద గ్రంథం రాసినవాడు. దానికి విరుగుడు సీరం రావటానికి ఇంకా పదేళ్ళు పైన పట్టింది. మిగిలింది కూతురు మార్జరీ ఒక్కతే.

1896లో ఆమెకు తలనొప్పులు మొదలయ్యాయి. మెదడు పొరలో గడ్డ, అది సెరిబెల్లాన్ని నొక్కుతోంది. ఏ వైపు నొప్పి, ఎప్పుడు వాంతి, నడక ఎప్పుడు తడబడింది, ఏ చెయ్యి ఎప్పుడు మొద్దుబారింది అని తన జబ్బు తొలి లక్షణాలను తానే వైద్యవ్యాసంగా రాసింది. తన ప్రాణం తీసిన గడ్డ గురించి తానే రాసినదని శీర్షికలోనే చెప్పుకొంది. బతికి ఉండగానే ఆ మాట అలా పెట్టగలిగిన మనిషి. 1906 జూన్ 10న న్యూయార్కులో కన్నుమూసింది. భర్త 1919 దాకా బతికాడు. చెల్లెలు రూత్ పుట్నం ఆమె ఉత్తరాలన్నీ కూర్చి 1925లో పుస్తకంగా వేసింది.